ఐదేళ్లు నిండకముందే ఓటు వస్తే

2018 సెప్టెంబర్ నెల. కోరుట్లలో ఒక వాకిలి అనుకోండి. నలుగురు ఆడవాళ్లు గోడ నీడన కూర్చున్నారు. ఒడిలో చాటలు. చాటల్లో తునికాకు, తంబాకు. చేతులు బీడీలు చుడుతున్నాయి. నోళ్లు ముచ్చట పెడుతున్నాయి.

"మల్ల ఓట్లు వస్తయంట వదినె!"

"ఇంక తొమ్మిది నెలలు ఉండె గద? ఐదేండ్లకోసారి గద ఓట్లు?"

"అసెంబ్లీ రద్దు చేసిండ్రంట. టీవీల చెప్పిండ్రు."

అందరికంటే పెద్దామె బీడీకి దారం కట్టి, తల ఎత్తింది.

"రద్దు చేసేటప్పుడు మనల్ని అడిగిండ్రా?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ఆమె అడిగింది మంచి ప్రశ్న. ఓటు మనది. గెలిచినవాళ్లు మన ఓటుతో గెలిచారు. మరి ఐదేళ్లు నిండకముందే మళ్లీ ఓటు ఎందుకు వస్తుంది? ఎవరు తెస్తారు? అలా వచ్చిన ఓటుతో మనకు లాభమా, నష్టమా?

ఐదేళ్ల కౌలు

పొలం కౌలుకు ఇవ్వడం అందరికీ తెలుసు. ఇన్నేళ్లని ఒప్పందం రాసుకుంటాం. ఆ ఏళ్లు కౌలుదారు పొలం చేసుకుంటాడు. గడువు అయ్యాక లెక్క చూస్తాం. బాగా చేస్తే మళ్లీ ఇస్తాం. చేయకపోతే ఇంకొకరికి ఇస్తాం.

ఓటు కూడా ఇలాంటిదే. ఎమ్మెల్యేలు కూర్చునేది శాసనసభ. దాన్నే అసెంబ్లీ అంటారు. ఎంపీలు కూర్చునేది లోక్‌సభ. రెండింటికీ గడువు ఐదేళ్లు. మన రాజ్యాంగం పెట్టిన గడువు ఇది.

అయితే కౌలు ఒక్కోసారి మధ్యలో తెగిపోతుంది. ఓటు విషయంలో అది రెండు రకాలుగా జరుగుతుంది.

మొదటిది ఉప ఎన్నిక. ఒక ఎమ్మెల్యే చనిపోవచ్చు. రాజీనామా చేయవచ్చు. కోర్టు ఆ ఎన్నికను కొట్టేయవచ్చు. అప్పుడు ఆ ఒక్క సీటు ఖాళీ అవుతుంది. మామూలుగా ఆరు నెలల లోపు అక్కడ మళ్లీ ఓటు పెడతారు. కొత్తగా గెలిచినవారికి ఐదేళ్లు రావు. మిగిలిన కాలమే వస్తుంది.

రెండోది మధ్యంతర ఎన్నిక. ఇక్కడ సభ మొత్తం రద్దవుతుంది. అందరి సీట్లూ ఒకేసారి పోతాయి. ప్రభుత్వానికి బలం లేక పడిపోతే ఇలా జరగవచ్చు. బలం ఉన్నా, 'ఇప్పుడు ఓటు పెడితే మళ్లీ మేమే గెలుస్తాం' అనుకొని ప్రభుత్వమే రద్దు కోరవచ్చు. దీన్ని ముందస్తు ఎన్నిక అని కూడా అంటారు. కౌలుదారే వచ్చి, 'గడువు దాకా ఎందుకు? ఇప్పుడే కొత్త కాగితం రాద్దాం. ఇంకో ఐదేళ్లు ఇవ్వండి' అన్నట్టు.

రాష్ట్రంలో ముఖ్యమంత్రి, మంత్రులు కలిసి సలహా ఇస్తారు. గవర్నర్ అసెంబ్లీని రద్దు చేస్తారు. ఓటు ఏ రోజో ఎన్నికల సంఘం చెబుతుంది. కాబట్టి కోరుట్ల పెద్దామె ప్రశ్నకు జవాబు ఇది. రద్దు చేసే ముందు ఓటర్లను అడగరు. చట్టం ప్రకారం అడగాల్సిన పని లేదు.

అయితే కథ అక్కడితో అయిపోదు. తారీఖు మనల్ని అడిగి పెట్టరు. కానీ ఆ రోజు దేనికోసం ఓటు వేయాలో జనమే తేల్చుకోవచ్చు. కరీంనగర్ ప్రాంతంలో ఇలా ఒక్కసారి కాదు, చాలాసార్లు జరిగింది.

1971: ఢిల్లీ తారీఖు, తెలంగాణ మాట

1967లో ఎంపీ ఓటు, ఎమ్మెల్యే ఓటు కలిసే వచ్చాయి. 1969లో కాంగ్రెస్ పార్టీ రెండుగా చీలింది. అప్పటి ప్రధాని ఇందిరా గాంధీకి లోక్‌సభలో సొంత బలం తగ్గింది. 1970 డిసెంబర్‌లో లోక్‌సభను రద్దు చేయించారు. ఏడాది ముందుగా, 1971లో ఎంపీ ఎన్నికలు వచ్చాయి. దేశంలో లోక్‌సభకు వచ్చిన మొదటి మధ్యంతర ఎన్నిక అదే.

దేశమంతా ఇందిరా గాంధీ గురించి, పేదరికం గురించి మాట్లాడుకుంది. తెలంగాణలో మాత్రం జనం ఇంకో మాట మాట్లాడారు. 1969లో ప్రత్యేక రాష్ట్రం కోసం పెద్ద ఉద్యమం జరిగింది. ఆ గాయం ఇంకా మానలేదు. 1971లో తెలంగాణలోని 14 ఎంపీ సీట్లలో 10 సీట్లు తెలంగాణ ప్రజా సమితికి వచ్చాయి. కరీంనగర్ నుంచి ఆ పార్టీ తరఫున ఎం. సత్యనారాయణరావు గెలిచారు.

తారీఖు ఢిల్లీ పెట్టింది. మాట తెలంగాణ చెప్పింది.

ఆ తరువాత ఏమైంది? అదే ఏడాది ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. రాష్ట్రం రాలేదు. రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న. అంటే 43 ఏళ్ల తరువాత. ఓటుతో మాట చెప్పడం ఒక పని. ఆ మాటను నిలబెట్టించుకోవడం ఇంకో పని. ఈ రెండో పని ఓటు రోజుతో తీరదు.

లోక్‌సభకు ఆ తరువాత కూడా మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. 1980లో, 1991లో, 1998లో, 1999లో. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వం లోక్‌సభలో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ ఒక్క ఓటు వల్ల దేశమంతా మళ్లీ వరుసలో నిలబడాల్సి వచ్చింది.

2010: కోరుట్లలో ఓటు, జగిత్యాలలో లేదు

2009 ఎన్నికల్లో సిరిసిల్లలో కె. తారక రామారావు ఎమ్మెల్యేగా గెలిచారు. ఎన్ని ఓట్ల తేడాతో? 171. రెండు మూడు వాడల ఆడవాళ్లు ఇటు వేయాల్సింది అటు వేస్తే ఫలితం తారుమారు అయ్యేది.

అదే ఏడాది డిసెంబర్ 9న తెలంగాణ రాష్ట్రం ఏర్పాటు మొదలుపెడతామని కేంద్రం చెప్పింది. రెండు వారాలకే వెనక్కి తగ్గింది. తెలంగాణ భగ్గుమంది. 2010 ఫిబ్రవరిలో టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు పదిమంది రాజీనామా చేశారు. వేములవాడ, నిజామాబాద్ అర్బన్ ఎమ్మెల్యేలు కూడా చేశారు. మొత్తం 12 సీట్లు ఖాళీ అయ్యాయి.

2010 జూలై 27న ఆ 12 చోట్ల ఉప ఎన్నికలు జరిగాయి. కోరుట్లలో ఓటు పడింది. సిరిసిల్లలో ఓటు పడింది. జగిత్యాలలో పడలేదు. అక్కడి సీటు ఖాళీ కాలేదు. కోరుట్లలో ఉన్న ఆడబిడ్డ ఓటు వేసింది. జగిత్యాలలో ఉన్న తల్లి వేయలేదు. ఉప ఎన్నిక అంటే ఇదే.

ఫలితం ఏమిటి? రాజీనామా చేసినవాళ్లే 12 చోట్లా మళ్లీ గెలిచారు. ఏడాది కింద 171 ఓట్లతో బయటపడిన సిరిసిల్లలో ఈసారి తేడా 68 వేలు దాటింది. మనిషి అదే మనిషి. ఊరు అదే ఊరు. మారింది ప్రశ్న. 2009లో 'ఎవరు ఎమ్మెల్యే కావాలి?' అని అడిగారు. 2010లో 'తెలంగాణ కావాలా, వద్దా?' అని అడిగారు. జనం రెండో ప్రశ్నకు గట్టిగా జవాబు చెప్పారు.

2018: ఆరు నెలల్లో నాలుగు సిరా చుక్కలు

1999, 2004, 2009, 2014. ఈ నాలుగుసార్లూ మన దగ్గర ఎంపీ ఓటు, ఎమ్మెల్యే ఓటు ఒకే రోజు వేశాం. 2018లో ఆ ముడి విడిపోయింది. సెప్టెంబర్ 6న తెలంగాణ అసెంబ్లీ రద్దయింది. అప్పటి ప్రభుత్వానికి బలం తక్కువేమీ కాలేదు. అయినా ముందస్తుకు పోయింది.

ఎందుకు పోయింది? ప్రతిపక్షాలు తమ పని అడ్డుకుంటున్నాయని, అందుకే ప్రజల తీర్పు కోరుతున్నామని ప్రభుత్వం చెప్పింది. ప్రతిపక్షాలు ఇంకోలా చెప్పాయి. తమకు అనుకూలమైన సమయం చూసుకున్నారని, ఢిల్లీ ఓటు నీడ పడకుండా తప్పించుకున్నారని అన్నాయి. డిసెంబర్ 7న ఓటు జరిగింది. 119 సీట్లలో 88 టీఆర్ఎస్‌కు వచ్చాయి. రాష్ట్రమంతా అంత పెద్ద గెలుపు. అయినా జగిత్యాల జిల్లాలోనే ఉన్న ధర్మపురిలో తేడా 441 ఓట్లే.

ముడి విడిపోతే ఏమవుతుందో పల్లె ఆడవాళ్ల వేళ్లకు తెలిసింది. 2018 డిసెంబర్‌లో ఎమ్మెల్యే ఓటు. 2019 జనవరిలో సర్పంచ్ ఓటు. ఏప్రిల్ 11న ఎంపీ ఓటు. మే నెలలో ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఓటు. ఆరు నెలలు తిరగకముందే నాలుగుసార్లు. మొదటి సిరా మరక పోతుండగానే రెండో చుక్క పడింది.

ఓటు రోజున కూలి పోతుంది. బడి మూసి పోలింగ్ కేంద్రం పెడతారు. పంతుళ్లు ఎన్నికల పనికి పోతారు. అన్నిటికంటే ముందు కోడ్ వస్తుంది. కోడ్ అంటే ఎన్నికల నియమావళి. అది ఉన్నన్ని రోజులు ప్రభుత్వం కొత్త పథకాలు చెప్పకూడదు. ఓటర్లకు ఆశ చూపే పనులు చేయకూడదు.

ఈ కోడ్ దెబ్బ సిరిసిల్లకు తగిలింది. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టింది. ఆ చీరలు నేసే పని సిరిసిల్ల మరమగ్గాలకు ఇచ్చింది. మగ్గం మీద మగవాళ్లు, కండెలు చుట్టడానికి ఆడవాళ్లు. ఆ పని ఎన్నో ఇళ్లకు కూడు పెట్టింది. 2018లో బతుకమ్మ పండుగ వచ్చింది. చీరలు తయారయ్యాయి. కానీ కోడ్ వల్ల పంపిణీ ఆగింది. ఓట్లు అయిపోయాక పంచారు.

తరువాత ఇంకో సంగతి కూడా జరిగింది. 2023లో ప్రభుత్వం మారింది. 2024లో బతుకమ్మ చీరల ఆర్డరు రాలేదు. చాలా మగ్గాలు ఆగాయి. ఆ తరువాత మహిళా సంఘాల సభ్యుల చీరల కోసం కొత్త ఆర్డరు వచ్చింది. ఒకే ఆర్డరు మీద ఊరంతా బతికితే, ప్రతి ఎన్నిక ఆ ఊరికి గండమే. చీర రంగు ఎలా ఉందని కాదు, ఏడాది పొడవునా మగ్గానికి పని ఎలా దొరుకుతుందని అడగాలి.

బీడీల ముచ్చట కూడా ఇలాంటిదే. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల భృతి మొదలుపెట్టింది. 2018 ఎన్నికల్లో దాన్ని 2,016 చేస్తామని టీఆర్ఎస్ చెప్పింది. 2019లో చేసింది. ఇది మాట నిలబెట్టుకున్నట్టే. కానీ ఆ భృతికి పీఎఫ్ లెక్క అడిగారు. కార్ఖానా పుస్తకంలో పేరు ఉండి, పీఎఫ్ కట్టినవారికే అది వచ్చింది. అదే వాకిట్లో కూర్చొని, అవే బీడీలు చుట్టి, పీఎఫ్ లేని ఆడవాళ్లకు రాలేదు. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ పింఛను 4,000 చేస్తామని చెప్పింది. ఎవరి మాట ఎంతదాకా వచ్చిందో మీ పాస్ పుస్తకమే చెబుతుంది. ఇప్పుడు దాన్ని మీరే చదువుకోగలరు.

2019: పసుపు రైతులు నామినేషన్లు వేసిన రోజు

జగిత్యాల, కోరుట్ల రెండూ నిజామాబాద్ ఎంపీ సీటు కిందికి వస్తాయి. ఇది పసుపు పండే నేల. పసుపు తవ్వడం, కొమ్ములు విరవడం, ఆరబెట్టడం. వీటిలో ఎక్కువ పని ఆడవాళ్లదే. తొమ్మిది నెలలు కష్టపడితే మార్కెట్‌లో ధర పడిపోతుంది.

రైతులు పసుపు బోర్డు కావాలన్నారు. క్వింటాలుకు 15,000 రూపాయల ధర కావాలన్నారు. రోడ్ల మీద కూర్చున్నారు. పార్టీలు వచ్చాయి, విన్నాయి, పోయాయి. చివరికి రైతులు ఒక ఉపాయం చేశారు. 2019 ఎంపీ ఎన్నికలో తామే పోటీకి దిగారు. ఒకరిద్దరు కాదు, 170 మందికి పైగా. ఒక్కొక్కరు 25,000 రూపాయలు డిపాజిట్ కట్టాలి. చందాలు వేసుకొని కట్టారు.

మొత్తం అభ్యర్థులు 185 మంది. ఓటు యంత్రంలో ఒక పెట్టె మీద 16 పేర్లే పడతాయి. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 పెట్టెలు వరుసగా పెట్టాల్సి వచ్చింది. దేశమంతా నిజామాబాద్ వైపు చూసింది. 'ఇంతమంది ఎందుకు నిలబడ్డారు?' అని అడిగింది. పసుపు మాట ఢిల్లీకి చేరింది.

అప్పటి ఎంపీ కవిత ఓడిపోయారు. బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ 70 వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. పసుపు బోర్డు తెస్తానని ఆయన బాండు పేపరు మీద రాసిచ్చారు. బోర్డు వెంటనే రాలేదు. 2023 అక్టోబర్‌లో, మళ్లీ అసెంబ్లీ ఓట్ల ముందు, ప్రధాని నరేంద్ర మోదీ దాన్ని ప్రకటించారు. 2025 జనవరిలో సంక్రాంతి రోజున నిజామాబాద్ కేంద్రంగా బోర్డు మొదలైంది.

రైతులు రెండు అడిగారు. బోర్డు ఒకటి, ధర ఒకటి. బోర్డు వచ్చింది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో మాత్రం పసుపు లేదు. అడిగినదానిలో ఏది వచ్చింది, ఏది రాలేదు? ఈ లెక్క రాసి పెట్టుకుంటేనే వచ్చే ఓటుకు పనికొస్తుంది.

ఇక్కడ ఇంకో విషయం గమనించాలి. 2019లో ఎంపీ ఓటు విడిగా వచ్చింది. అందుకే ఊరంతా పసుపు గురించే మాట్లాడుకునే వీలు కలిగిందని కొందరు అంటారు. అదే రోజు ఎమ్మెల్యే ఓటు కూడా ఉంటే పింఛన్లు, నీళ్లు, రైతుబంధు మాటల్లో పసుపు మునిగిపోయేదేమో.

అన్ని ఓట్లూ ఒకేసారి పెడితే?

దేశంలో ఇప్పుడు పెద్ద చర్చ ఇదే. ఎంపీ ఓటు, అన్ని రాష్ట్రాల ఎమ్మెల్యే ఓట్లు ఒకేసారి పెట్టాలని కేంద్ర ప్రభుత్వం అంటోంది. 2023లో మాజీ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. కమిటీ 2024 మార్చిలో నివేదిక ఇచ్చింది. 2024 డిసెంబర్ 17న లోక్‌సభలో బిల్లు పెట్టారు. తరువాత దాన్ని పార్లమెంటు సంయుక్త కమిటీ పరిశీలనకు పంపారు. ఇది రాజ్యాంగాన్ని మార్చే బిల్లు. మామూలు మెజారిటీ సరిపోదు. ఓటు వేసిన సభ్యుల్లో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి.

ఆ బిల్లులో మధ్యంతర ఎన్నికల గురించి ఒక ముఖ్యమైన మాట ఉంది. సభ మధ్యలో రద్దయితే ఓటు పెడతారు. కానీ గెలిచినవారికి కొత్తగా ఐదేళ్లు రావు. మిగిలిన కాలమే వస్తుంది. కౌలు మాటల్లో చెప్పాలంటే, కొత్త కాగితం ఉండదు. పాత కాగితంలో మిగిలిన ఏళ్లే.

దీని మీద రెండు వైపులా వాదనలు ఉన్నాయి.

ఒక వైపు వాళ్లు ఇలా అంటారు. మాటిమాటికీ ఓట్లు వస్తే ఖర్చు. బడులు ఆగుతాయి. కోడ్ వల్ల పనులు ఆగుతాయి. నాయకులు పని మాని ప్రచారంలో ఉంటారు. మిగిలిన కాలమే వస్తుందని తెలిస్తే, సొంత లాభం చూసుకొని సభను రద్దు చేసే అలవాటు తగ్గుతుంది.

రెండో వైపు వాళ్లు ఇలా అంటారు. ఓటు తరచుగా వస్తేనే నాయకుడు గడప తొక్కుతాడు. అన్నీ ఒకేసారి పెడితే ఢిల్లీ మాటల చప్పుడులో మన ఊరి మాట వినపడదు. ఏడాది, ఏడాదిన్నర కోసమే ఎన్నిక పెడితే ఖర్చు తగ్గదు, పెరుగుతుంది. కొద్ది రోజుల ప్రభుత్వం ఏ పనినీ చివరిదాకా చేయలేదు.

రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉంది. కూలి పోగొట్టుకొని నాలుగుసార్లు వరుసలో నిలబడిన ఆడామెకు మొదటి వాదన నచ్చవచ్చు. పసుపు కొమ్ములు విరిచిన ఆడామెకు రెండో వాదన నచ్చవచ్చు. ఆ ఇద్దరూ ఒకే మనిషి కూడా కావచ్చు.

మళ్లీ కోరుట్ల వాకిలి

బీడీ కట్టలు కట్టడం అయిపోయింది. పొద్దు గూకింది. చిన్న కోడలు అడిగింది.

"అయితే అత్తా, మనల్ని అడగకుంట పెట్టిన ఓటుకు పోవుడు ఎందుకు?"

పెద్దామె చాట పక్కన పెట్టింది.

"తారీఖు మనల్ని అడగలె బిడ్డా. అది వాళ్లది. ఓటుకు పోకపోతే మన మాట కూడా వాళ్లే చెప్తరు. ఈసారి ఇంటికి వచ్చినోళ్లను ఒకటే అడుగుదాం. పీఎఫ్ లేనోళ్ల సంగతేందని. అందరం అదే అడుగుదాం."

"అందరం అంటే ఎంతమందిమి అత్తా?"

"మన వాడల ఎంతమంది బీడీలు చేస్తరో లెక్క రాయి. నీకు రాసుడు వచ్చె గద."

మాట్లాడుకోండి

1. ఉప ఎన్నికకు, మధ్యంతర ఎన్నికకు తేడా ఏమిటి? మీ ఊళ్లో ఏది జరిగింది? ఎప్పుడు?

2. పోయిన ఎన్నికలో మీ ఇంటికి వచ్చినవాళ్లు ఏ మాటలు చెప్పారు? ఏవి జరిగాయి? ఏవి జరగలేదు? రెండు వరుసలుగా రాయండి.

3. అన్ని ఓట్లూ ఒకేసారి పెడితే మంచిదా, విడివిడిగా పెడితే మంచిదా? మీ సంఘంలో రెండు జట్లుగా కూర్చొని వాదించండి.

4. వచ్చే ఓటుకు మీ వాడ ఆడవాళ్లు అందరూ కలిసి ఒకే ఒక్క ప్రశ్న అడగాలంటే, ఏది అడుగుతారు?